వార్త వచ్చిన వేళ

మన పల్లెలలో పెద్దవారిని వయస్సు అడిగినచో సంవత్సరము చెప్పుట అరుదు. “వరద వచ్చిన యేట పుట్టినాడు”, “గాలివాన నాటికి చంకబిడ్డ” అని చెప్పుదురు. మా తాతల కాలమున 1876లో ఆరంభమైన ధాత కరువు అట్టి గుర్తు. మా తరమువారికి 1953 నాటి గోదావరి వరద, 1977 నవంబరు 19వ తేదీ నాటి దివిసీమ ఉప్పెన, 1986 ఆగస్టు నాటి వరద గుర్తులు. ఇవి కన్నులార చూచిన ఆపదలు. నీరు ఏ గుమ్మము దాక వచ్చినదో గోడమీది చార చూపి చెప్పగలము.

మఱియొక విధమైన గుర్తు గలదు. అది కంటితో చూచినది కాదు, చెవితో విన్నది. ఎక్కడనో దూరదేశమున ఒక మహనీయుడు మరణించును. మనము చూచినది శవమును కాదు, చితిని కాదు. వార్త తెచ్చిన మనిషి ముఖమును మాత్రమే. అయినను “ఆ మాట విన్నప్పుడు నీవెక్కడ నుంటివి?” అని అడిగినచో, నిన్నటి కూర యేదో మరచిన వృద్ధుడు సైతము డెబ్బది యేండ్ల నాటి అరుగును, దీపమును, ప్రక్కనున్న వారిని వరుసగా చెప్పును.

ఇది మన దేశమునకే పరిమితమైన సంగతి కాదు. 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకనును ఒకడు కాల్చెను; మరునాటి ఉదయము ఆయన మరణించెను. అట్లాంటిక్ సముద్రము క్రింద పనిచేయు తంతితీగ అప్పటికి లేదు. ఓడ మోసికొని పోయిన ఆ వార్త లండను నగరమునకు చేరునప్పటికి 26వ తేదీ వచ్చినది. ముప్పది నాలుగేండ్ల తరువాత, 1899లో, కోల్‌గ్రోవ్ అను పండితుడు తాను 179 మందిని ఈ ప్రశ్నయే అడిగినట్లు ప్రకటించెను. వారిలో 127 మంది తామున్న చోటును, వేళను, చెప్పిన మనిషిని వివరముగా చెప్పిరి. దుఃఖవార్త మనస్సున ఎంత లోతుగా నాటుకొనునో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

నా తరమువారికి అట్టి వార్త 1948 జనవరి 30వ తేదీ శుక్రవారము నాటిది. ఆనాడు ఢిల్లీలోని బిర్లా భవనపు తోటలో, సాయంకాలము 5 గంటల 17 నిమిషములకు, ప్రార్థనసభకు నడచిపోవుచున్న మహాత్మా గాంధీని నాథూరాం గోడ్సే అనువాడు పిస్తోలుతో మూడుమారులు కాల్చి చంపెను. మహాత్మునికి అప్పటికి 78 ఏండ్లు. హిందువులకును ముస్లిములకును నడుమ శాంతి కొరకు ఆయన ఆ నెల 13వ తేదీ మొదలు 18వ తేదీ వరకు నిరాహారదీక్ష సలిపి యుండెను. 20వ తేదీన ఆ ప్రార్థనస్థలమునందే ఒక బాంబు ప్రేలినది. ఆయన తన కావలిని పెంచుటకు సమ్మతింపలేదు.

మన జిల్లాలకు ఆయన పేరు మాత్రమే తెలిసిన దొర కాడు. 1921లోను, 1929లోను, 1933లోను ఆయన ఆంధ్రదేశమున పర్యటించెను. 1929లో ఖద్దరు నిధికై తిరిగినప్పుడు మా నాయనమ్మ తన చేతి బంగారు గాజు నొకదానిని తీసి యిచ్చినది. జత విడిన రెండవ గాజు ఆమె చనిపోవువరకు పెట్టెలో నుండుట నేను ఎరుగుదును. అట్టి ఇండ్లు గోదావరికి ఇరువైపులను ఎన్నియో యుండెను.

ఇక ఆనాడు వార్త నడచిన త్రోవను చెప్పవలెను. ఢిల్లీ నుండి రేడియోవారు సాయంకాలము 6 గంటలకు ఈ ఘోరమును లోకమునకు ప్రకటించిరి. హంతకుడు హిందువను మాటను కూడ ఆ ప్రకటనలోనే చేర్చిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. హంతకుడు ఏ మతమువాడో నిశ్చయముగా తెలియువరకు అధికారులు ఆగిరి. తెలియకుండ తొందరపడి చెప్పినచో ఆ రాత్రి ఎన్ని ఊళ్లలో ఎందరి ప్రాణములు పోవునో వారెరుగుదురు. దేశవిభజన రక్తపాతము ముగిసి అప్పటికి కొన్ని నెలలే అయినది.

రేడియో రెండు మాటలను కలిపి చెప్పినది. కాని మా కొవ్వూరికి ఆ రెండును కలిసి రాలేదు. అప్పటికి బెజవాడ రేడియో కేంద్రము పుట్టలేదు. అది ఆ యేడే డిసెంబరు 1వ తేదీన వెలసినది. తెలుగువారు 1938లో నెలకొన్న మదరాసు కేంద్రమునే వినుచుండిరి. మా ఊరిలో రేడియో పెట్టెలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మదరాసులో అచ్చయి రైలులో వచ్చుచుండెను గనుక మరునాటి వరకు పత్రిక ఆశ లేదు. రాజమహేంద్రవరమునకును మాకును నడుమ 1900లో కట్టిన రైలువంతెన యొక్కటియే యుండెను. నేటి రోడ్డు రైలు వంతెన 1974లో గాని రాలేదు. కావున జనము రైలులోనో, లాంచీలోనో ఏరు దాటుచుండిరి. వార్తయు వారితోడనే దాటవలెను.

ఆ కాలపు భయమును కూడ ఒకింత చెప్పిన గాని తరువాతి సంగతి తెలియదు. మా పశ్చిమగోదావరి జిల్లాకు వాయవ్యమున నైజాము రాజ్యము. అది ఇంకను భారతదేశమున కలియలేదు. ఆ సెప్టెంబరులో గాని కలియలేదు. రజాకార్ల బాధకు తాళలేక అక్కడివారు కుటుంబములతో సరిహద్దు దాటి మన జిల్లాలకు వచ్చుచుండిరి. వారు చెప్పిన కథలు ప్రతి అరుగుమీదను వినబడుచుండెను. ఆ కథలకు మా ఊరి సాయిబులకు ఏ సంబంధమును లేదు. అయినను మనుష్యుల చూపులలో మార్పు రాకపోలేదు.

నాకప్పుడు పదకొండవ యేడు. సంక్రాంతి వెళ్లి పదునారు దినములైనది. దీపములు పెట్టు వేళకు నేను మా తాతగారితో గోష్పాద రేవున నుంటిని. ఆయన బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. రాజమహేంద్రవరము నుండి లాంచీ వచ్చి రేవున ఆగినది. నిత్యము లాంచీ దిగువారు మూటలకై, బండ్లకై కేకలు వేయుదురు. ఆ దినము కేకలు లేవు. మొదట దిగినవాడు మెట్టుమీద నిలిచి, “గాంధీగారిని కాల్చి చంపినారట” అనెను. అంతకు మించి యొక్క మాట వానికి తెలియదు. అతడు లాంచీ ఎక్కునప్పుడు గట్టుమీద ఎవరో చెప్పిరట.

గుంపులో ఒకడు “ఇంకెవరు చంపుతారు?” అనెను. పేరు చెప్పలేదు, మతము చెప్పలేదు. కాని ఆ ప్రశ్నకు అర్థము పిల్లవాడనైన నాకును తెలిసినది. రేవు నుండి ఊరిలోనికి పోవు దారిలో ఒక దర్జీ సాయిబుగారి కొట్టు ఉండెను. మా వీధి పిల్లలందరి సంక్రాంతి చొక్కాలు ఆయన కుట్టినవే. గుంపు అడుగులు ఆ వైపునకే సాగినవి.

మా తాతగారు వారికి ముందుగా నడచిరి. “ఎవడు చంపినాడో నీకెవరు చెప్పినారు?” అని ఆ మనిషిని అడిగిరి. వాడు నీళ్లు నమలెను. “చెప్పినవాడు లేనప్పుడు ఆ మాట నోట రానీయకు. నిజము నిలకడమీద తెలుస్తుంది” అని, పోయి ఆ కొట్టు అరుగుమీద కూర్చుండిరి. నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. సాయిబుగారు లోపల కుట్టుమిషను ముందు కదలక యుండెను. ఆయనకు వార్త అప్పటికే చేరినది. “ఏమి పంతులుగారూ, నిజమేనా?” అని అడిగెను. “నిజమే నాయనా, దీపము బయట పెట్టు” అని తాతగారు చెప్పిరి. ఆయన లాంతరు తెచ్చి అరుగుమీద పెట్టెను. తాతగారి ముఖము వీధిలోని వారందరికి కనబడినది. తరువాత ఊరిపెద్దలు మఱి యిద్దరు వచ్చి అదే అరుగున కూర్చుండిరి. ఎవరును ఉపన్యాసము చేయలేదు. దాదాపు రెండు గంటలు అట్లే గడచెను.

రేడియో గల ఒక షావుకారు ఇంటి నుండి రెండవ మాట వచ్చినది. “చంపినవాడు హిందువే. రేడియోలో చెప్పినారు” అని వచ్చినవాడు చెప్పెను. వీధిలో చప్పుడు లేదు. ముందు ప్రశ్న వేసినవాడు తలవంచుకొని ఇంటికి పోయెను. సాయిబుగారు అప్పుడు గాని ఏడ్వలేదు. మరునాడు గోష్పాద రేవున జనము ఇంటిలోని పెద్ద పోయినప్పటివలె మైలస్నానము చేసిరి. ఆయన నీట మునుగలేదు. చెప్పులు విడిచి పైమెట్టున తలవంచి నిలిచెను.

ఆ రాత్రి మా వీధిలో జరిగినది చిన్న సంగతి. ఏ చరిత్రగ్రంథమునను అది లేదు. అయినను అదే గంటలో ఢిల్లీలోను అదే ప్రశ్న పుట్టినది. బిర్లా భవనము వద్ద ఒకడు చంపినవాడు ముస్లిమని కేక వేయగా, గవర్నరు జనరలు మౌంట్‌బాటెన్ హిందువని గట్టిగా బదులు చెప్పెనని గ్రంథస్థమైయున్నది. ఆ రాత్రి ప్రధానమంత్రి నెహ్రూయు, ఉపప్రధాని పటేలును రేడియోలో మాటాడి ప్రజలను ఓర్పు వహింపుడని వేడుకొనిరి. దేశపు పెద్దలు రేడియోలో చేసిన పనినే పల్లెపెద్దలు అరుగులమీద చేసిరి.

నిజము తెలిసినంత మాత్రమున కీడు తప్పునని కూడ తలపరాదు. హంతకుడు మహారాష్ట్ర బ్రాహ్మణుడని తెలిసిన పిమ్మట పూనా, సతారా, కొల్హాపూరు ప్రాంతములలో ఆ కులమువారి ఇండ్లను తగులబెట్టిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. చేసినవాడొకడు, దండన పొందినవారు పలువురు. 1984 అక్టోబరు 31వ తేదీ ఉదయము ప్రధానమంత్రి ఇందిరాగాంధీని ఆమె అంగరక్షకులే కాల్చిరి. మన రేడియో ఆమె మరణమును సాయంకాలము 6 గంటల వరకు ప్రకటింపలేదు. ఆ లోపలనే బీబీసీ ద్వారా వార్త ఊరూర ప్రాకినది. కొవ్వూరు బజారులో ఒక కాఫీ హోటలు ట్రాన్సిస్టరు చుట్టు మేము మూగియుండగా నేను వింటిని. తరువాతి దినములలో ఢిల్లీ నగరమునందు చంపబడిన సిక్కుల సంఖ్య ప్రభుత్వపు లెక్క ప్రకారమే 2,733. అక్కడ హంతకులెవరో అందరికి తెలియును. కొరతపడినది వార్త కాదు. అరుగుమీద కూర్చుండువారు, ఆపవలసిన అధికారులు.

ఇట్టి జ్ఞాపకములను ఎంతవరకు నమ్మవచ్చునని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. 1986లో అమెరికావారి చాలెంజరు అను అంతరిక్షనౌక ప్రేలిన మరునాడు నైసర్ అను శాస్త్రజ్ఞుడు విద్యార్థుల చేత తాము వార్త విన్న తీరును వ్రాయించి దాచెను. రెండేండ్లు దాటిన పిమ్మట మరల అడుగగా పలువురు వేరు చోటును, వేరు మనిషిని చెప్పిరి. అయినను తాము చెప్పినదే నిజమని నమ్మియుండిరి. కావున జ్ఞాపకమును తెలిసిన సంగతులతో సరిచూడవలెను. నా జ్ఞాపకమును నేనట్లు సరిచూచితిని. జనవరి చివర మా ఊరిలో ఆరింటికి ప్రొద్దు క్రుంకును. ఆరింటికి రాజమహేంద్రవరమున రేడియోలో విన్న మాట లాంచీతో మా రేవు చేరుటకు దీపముల వేళ యగుట సరిపోవును. పత్రిక మరునాడు వచ్చుటయు రైళ్ల వేళలకు సరిపోవును. తక్కినది ఆ రాత్రి అక్కడ నున్నవారు చెప్పవలెను. వారిలో నేడు జీవించియున్నవారు అరుదు.

అందుచేతనే పెద్దలకు నా మనవి. 1948 నాటి వార్తను విన్నవారు మీ ఊరిలో ఒకరున్నను వారి చెంతకు పోయి వ్రాసికొనుడు. 1964 మే 27వ తేదీన నెహ్రూ మరణము, 1984, 1991 మే 21వ తేదీ రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవుగాంధీ హత్య, వీనిని మీరే వినియుందురు. ఒక్కొక్కదానికి అర ఠావు కాగితము చాలును. తేదీ, చోటు, చెప్పిన మనిషి, మొదట విన్న మాట యథాతథముగా వ్రాయుడు. ఆ పిమ్మట పూర్తి నిజము ఎప్పుడు తెలిసినదో, ఈ నడిమి వేళలో మీ వీధిలో ఎవరేమి చేసిరో వ్రాయుడు. ఈ చివరి ప్రశ్నయే ముఖ్యము. రాజులు, మంత్రులు చేసినది చరిత్రకారులు వ్రాయుదురు. సగము మాట విన్న మనుష్యులు ఆ గంటలో చేసినది మనము వ్రాయనిచో మఱెవరును వ్రాయరు.

2022లో జిల్లాలు మారి మా కొవ్వూరు తూర్పుగోదావరిలో చేరినది. 1900 నాటి వంతెనపై 1997 నుండి రైళ్లు నడచుట లేదు. వార్త ఇప్పుడు లాంచీకై వేచియుండదు. చేతిలోని ఫోనులోనికి క్షణములో వచ్చును. అయినను మొదటి సగము ముందు వచ్చుటయు, రెండవ సగము వెనుకబడుటయు మారలేదు. ఆ రెండింటి నడుమ వేళ ఎంత స్వల్పమైనను, అరుగుమీద కూర్చుండి “ఎవరు చెప్పినారు?” అని అడుగువాడొకడు ప్రతి వీధికిని కావలెను. ఆ పని పెద్దలది.