వదలని బ్రేకు

కారు బ్రేకుకు రెండు పనులు. నొక్కితే పట్టాలి, కాలు తీస్తే వదలాలి. ఎలా పట్టించాలన్న దాని మీదే ఇంజనీర్లు ఏళ్ల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. పట్టినది వదలకపోతే ఏం చేయాలన్నది చాలావరకు మెకానిక్ షెడ్లకే వదిలేశారు.

1902లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించాడు. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములో నెలవంకల్లాంటి రెండు షూలు ఉంటాయి. అవి విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటే బండి ఆగుతుంది. ఆ షూలను అప్పట్లో కడ్డీలూ ఇనప తీగలూ లాగేవి. అన్ని చక్రాలకూ లాగుడు సమంగా ఉండేలా బిగించడం ఆనాటి పనితనం. ఒక తీగ కాస్త బిగువైతే ఆ చక్రం ముందే పట్టేసి, బండిని పక్కకు ఈడ్చేది. అసలు ముందు చక్రాలకు బ్రేకులుండడమే 1920ల తొలినాళ్ల దాకా అరుదు. నాలుగింటికీ ఉన్న బండి చటుక్కున ఆగుతుంది కాబట్టి, వెనక వచ్చేవాళ్లు జాగ్రత్తపడాలని బ్రిటన్‌లో కొన్ని కార్ల వెనక ఎర్ర త్రికోణం తగిలించేవారు.

తీగల బాధను తీర్చింది ద్రవం. మాల్కమ్ లాక్‌హీడ్ 1917లో హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆ బ్రేకులతో వచ్చింది. ద్రవం బయటికి రాకుండా వేసిన పచ్చితోలు కప్పులు కారుతుంటే, 1924 నాటి తన కారుకు క్రైస్లర్ రబ్బరు కప్పులు వేయించాడు. ఇక గొట్టాల్లో పోసింది ఆల్కహాలు కలిపిన ఆముదం. ఎడ్లబండి ఇరుసుకు మనవాళ్లు కందెనగా వాడిన ఆముదమే, రబ్బరును చెడగొట్టదన్న ఒక్క గుణంతో మోటారు కారులోకీ చేరింది. తర్వాత దాని చోటు గ్లైకాల్ ద్రవాలు తీసుకున్నాయి. షెడ్డులో వాటినే బ్రేక్ ఆయిల్ అంటారు. పేరుకు ఆయిలే గాని అది నూనె కాదు. ఆ పేరు చూసి ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి, నాలుగు చక్రాలూ బిగుసుకుంటాయి. అప్పుడు మొత్తం కడిగి రబ్బరంతా మార్చక తప్పదు.

బ్రేకు వదలకపోవడానికి అసలు కీలకం, పెడల్ నొక్కితే ద్రవాన్ని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఉంది. అందులో సూదిమొనంత సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీశాక పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే అది తెరుచుకుని, ఒత్తిడితో ఉన్న ద్రవం డబ్బాలోకి తిరిగి పోతుంది. పెడల్‌కు కాస్తయినా ఫ్రీ ప్లే (ఖాళీ కదలిక) లేకపోతే పిస్టన్ ఆ రంధ్రం మీదే నిలిచిపోతుంది. బండి నడిచేకొద్దీ ద్రవం వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోయేందుకు దారి ఉండదు, బ్రేకు మరింత బిగుస్తుంది. ఇంటి దగ్గర బాగానే బయల్దేరిన కారు పది కిలోమీటర్లు పోయాక మొరాయించేది ఇందుకే. 1948లో వచ్చిన మోరిస్ మైనర్‌లో ఈ సిలిండర్‌ను డ్రైవరు కాళ్ల కింద ఛాసిస్‌లో దాచారు. బ్రేక్ ఆయిల్ పోయాలంటే కార్పెట్టు ఎత్తాలి. సిలిండర్ ఊడదీయాలంటే బోల్టులకు టార్షన్ బార్ అడ్డం. గీసినవాడికీ విప్పేవాడికీ ఎప్పుడూ మాటలు ఉండవనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అంబాసిడర్ 1950ల చివర మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి వచ్చి 2014 దాకా తయారైంది. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని 2000 ప్రాంతం దాకా నడిచింది. రెండింటికీ దశాబ్దాల పాటు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ బళ్ల మీదే చెయ్యి తిరిగిన మెకానిక్కులకు బ్రేకు పరీక్ష క్రమంగా సాగే పని. ముందుగా చక్రాల దగ్గర చెయ్యి పెట్టి ఏది కాలుతోందో చూస్తారు. జాకీ ఎత్తి ఆ చక్రాన్ని తిప్పుతారు. తిరగకపోతే గాలి తీసే నిపిల్‌ను అరచుట్టు వదులు చేస్తారు. ద్రవం చిమ్మి చక్రం వదిలితే తప్పు పైన, మాస్టర్ సిలిండర్‌లోనో హోస్ పైపులోనో ఉంది. పాత హోస్ లోపల ఉబ్బితే నొక్కినప్పుడు ద్రవాన్ని పోనిస్తుంది, వెనక్కి మాత్రం రానివ్వదు. నిపిల్ విప్పినా వదలకపోతే తప్పు డ్రమ్ములోనే. తుప్పు పట్టిన వీల్ సిలిండర్, సాగిపోయిన స్ప్రింగు, వెనక చక్రమైతే బిగుసుకున్న హ్యాండ్ బ్రేక్ కేబుల్, వీటిలో ఏదో ఒకటి.

చక్రం లాక్ కావడం వేరే రోగం. డ్రమ్ము తిరుగుతూ ముందు షూను తనలోకి లాక్కుంటుంది. లైనింగు మీద ఇరుసు నూనె కారితే ఆ లాగుడు అదుపు తప్పి చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. దీనికి ఎలక్ట్రానిక్ మందు బాష్ తయారుచేసిన ఏబీఎస్. అది 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. భారత్‌లో కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది.

1953 లె మాన్ పందెంలో డిస్క్ బ్రేకుల జాగ్వార్ గెలిచాక డ్రమ్ముల ప్రాభవం తగ్గుతూ వచ్చింది. డిస్క్‌లో ప్యాడ్‌లను వెనక్కి లాగే పెద్ద స్ప్రింగులు లేవు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కాస్త మెలిపడి, మళ్లీ సర్దుకుంటూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ఆ సీలు గట్టిపడినా, పిస్టన్‌కు తుప్పు పట్టినా, ఏబీఎస్ ఉన్న కారుకైనా బ్రేకు వదలదు.