పోలీసు చర్య: కొన్ని మాటలకు వ్యాఖ్య

త్రిపురం: మా త్రిపురాంతకం కొండమీది దేవుడి పేరులోనే ఒక యుద్ధం ఉంది. శివపురాణం చెప్పే కథ ప్రకారం మూడు పురాల అసురులూ శివభక్తులే. భక్తుల మీద శివుడు బాణం వేయడు. అందుకని విష్ణువు ఒక మాయాపురుషుణ్ణి పుట్టించి పంపాడు. వాడు వాళ్ళను ధర్మం తప్పించాకే శివుడు విల్లు ఎక్కుపెట్టాడు. యుద్ధానికి కారణం ఎలా తయారైందో పురాణం దాచుకోలేదు. ప్రభుత్వాలకు అంత ధైర్యం ఉండదు.

దత్తమండలాలు: 1800లో కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం వదులుకున్న సీమ. మార్కాపురం, కంభం, దూపాడు అందులోవే. అందువల్ల 1948 నాటికి మనది మద్రాసు రాష్ట్రం, కర్నూలు జిల్లా. నల్లమల దాటి కృష్ణ అవతలి గట్టెక్కితే నిజాం రాజ్యం.

యథాతథ ఒప్పందం: 1947 నవంబరు 29న ఢిల్లీకీ హైదరాబాదుకూ ఏడాదికి కుదిరింది. హైదరాబాదువాళ్ళు దాన్ని తప్పి పాకిస్తానుకు 20 కోట్లు అప్పిచ్చారని, భారత రూపాయిని చెల్లకుండా చేశారని, ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ విమానాల్లో దొంగతనంగా ఆయుధాలు దించుకుంటున్నారని ఢిల్లీ ఆరోపణ. సరుకులు రానివ్వకుండా దిగ్బంధం చేశారని నిజాం ఫిర్యాదు. రెండూ అబద్ధాలు కావు. ఎవరి శ్వేతపత్రంలో వాళ్ళు ఎదుటివాడి తప్పులే రాసుకుంటారు.

రజాకార్లు: నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళాలు. వీళ్ళ దౌర్జన్యాల గురించి ఢిల్లీ చెప్పినదానికి బలం ఉంది. 1948 ఆగస్టులో, భారత్‌లో విలీనం కోరినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదులో నరికి చంపారు. అదే నెల 27న బైరాన్‌పల్లిలో ఊచకోత జరిగింది. అయితే సరిహద్దుకు ఇవతలి మనవాళ్ళు దీన్ని నమ్మింది ఢిల్లీ చెప్పిందని కాదు. మూటాముల్లె సర్దుకుని సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు చెప్పారని. అప్పటి నమ్మకానికి పునాది ఆ కాందిశీకుల నోటిమాటే. దానిమీద వడ్డీ తిన్నది మాత్రం ప్రభుత్వం.

పోలీసు చర్య: 1948 సెప్టెంబరు 13న ఢిల్లీ హైదరాబాదు మీదికి పంపినవి లాఠీలు కావు, ట్యాంకులు. షోలాపూరు వైపునుంచి మేజర్ జనరల్ చౌధురి దళం, తూర్పున బెజవాడ వైపునుంచి మరొకటి కదిలాయి. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు, 18న ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లాంఛనం పూర్తి చేశాడు. మరి పోలీసులెందుకయ్యారు? నిజాం అప్పటికే భద్రతామండలి గడప తొక్కాడు. యుద్ధమంటే రెండు రాజ్యాలున్నాయని ఒప్పుకున్నట్టవుతుంది. పోలీసు పని అంటే ఇంటి వ్యవహారం. ఇండోనేషియా మీద డచ్చివాళ్ళు చేసిన దాడులకు పెట్టిన పేరూ ఇదే. 1948 డిసెంబరులో వాళ్ళు రెండోసారి దాడి చేస్తే, తప్పని చెప్పడానికి 1949 జనవరిలో ఆసియా దేశాలను ఢిల్లీకి పిలిచింది నెహ్రూయే. హైదరాబాదు ముగిసి అప్పటికి నాలుగు నెలలు.

సుందర్‌లాల్ నివేదిక: పోలీసు చర్య జరుగుతుండగానూ ఆ తర్వాతా ముస్లింలను చంపుతున్నారన్న వార్తలు వచ్చాయి. నెహ్రూ పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందాన్ని పంపాడు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని వాళ్ళు రాశారు. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. జనం వెళ్ళి చూసుకునే వీలు 2013 నాటికి గాని కలగలేదు. ఎక్కువ నష్టపోయిన ఉస్మానాబాదు, నాందేడు, బీదరు, గుల్బర్గా నాలుగూ మరాఠీ, కన్నడ జిల్లాలు. అక్కడి బాధితులెవరూ మన ఊళ్ళకు నడిచి రాలేదు. కనుక మన పెద్దలు చెప్పే కథల్లో రజాకారు ఉంటాడు, ఆ వేలమంది ఉండరు. చెప్పిన కారణం నిజమైనంత మాత్రాన తర్వాత దాచింది ఒప్పైపోదు. సగం నిజం చెప్పినవాడిని పట్టుకోవడం అబద్ధాలకోరును పట్టుకోవడం కంటే కష్టం.

శాంతిభద్రతలు: వీటిని నెలకొల్పడానికే వచ్చామన్న సైన్యం తెలంగాణ పల్లెల్లోనే ఉండిపోయింది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు తమ సాయుధ పోరాటం విరమించేదాకా అది వేటాడింది, నిన్నటిదాకా రజాకార్లతో తలపడిన దళాలనే.