ఇంగ్లీషు అక్షరముల ఆట – బహుమానముల పోటీలు

ఇచ్చిన అక్షరములతో మాటలను పట్టుకొనుట మన తెలుగువారికి క్రొత్త విద్య కాదు. అవధానసభలలో పృచ్ఛకుడు అక్షరమక్షరమునకు అడ్డు తగులుచుండగా పద్యము చెప్పుటకు నిషిద్ధాక్షరి యని పేరు. పొందిక లేని నాలుగు మాటలిచ్చి పద్యమున ఇమిడ్చుమనుట దత్తపది. అయితే కర్ణాటకమునను, తమిళనాటను, బొంబాయిలోను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో, ఉద్యోగము కొరకు ఇంగ్లీషు నేర్చిన పెద్దలకు అలవాటైన ఆట వేరు. అది గళ్ళలో ఇంగ్లీషు అక్షరములు నింపు క్రాస్‌వర్డు. దాని చరిత్రలో ఒక ముఖ్యఘట్టము బెంగళూరుతో ముడివడి యున్నది. కావున ఆ విషయమును ఈ సంచికలో వ్రాయదలచితిమి.

ఈ ఆట పుట్టినది 1913 డిసెంబరు 21వ తేదీన. లివర్‌పూల్‌లో జన్మించి అమెరికా చేరిన ఆర్థర్ విన్ అను పత్రికోద్యోగి న్యూయార్కు వరల్డ్ పత్రికలో వజ్రాకారపు గళ్ళపటము నొకదానిని ప్రకటించెను. 1924లో పుస్తకరూపము నందినది. 1930లో లండను టైమ్స్ వంటి గంభీరమైన పత్రికయు దీనికి చోటిచ్చెను. అటుపిమ్మట ఇది మన దేశపు పత్రికలలోనికి వచ్చుటలో వింత లేదు.

మాటను వెదకు తీరు తెలిసినదే. మూడు గళ్ళలో చివరి రెండింట ఏ, టి అక్షరములు పడినవనుకొందము. మొదటి గడిలో సి ఉంచిన క్యాట్, ఆర్ ఉంచిన ర్యాట్, హెచ్ ఉంచిన హ్యాట్ అగును. ఏది సరియో ఆధారవాక్యము చెప్పవలెను. అడ్డముగా వచ్చు మాట దానిని ధ్రువపరుపవలెను. ఇంతవరకు ఇది విద్యయే. కాని ఆధారవాక్యము ‘ఇది వంటింట దూరిన ఇల్లాలు సహింపదు’ అని యుండి, అడ్డపు మాటయు సాయపడనిచో? పిల్లియు సరిపోవును, ఎలుకయు సరిపోవును. ఈ ఉదాహరణము మేము కల్పించినదే కాని, బహుమానపు పోటీల రహస్యమంతయు ఇందే యున్నది. రెండు మాటలును తగినవే యైనను, పోటీ నడుపువారు ముందుగా ముద్రవేసి దాచిన జవాబే సరియైన జవాబు.

ఇట్టి ఆధారములు పది యున్నచో, ఒక్కొక్కదానికి రెండేసి జవాబుల చొప్పున 1,024 విధములుగా పత్రమును నింపవచ్చును. ప్రవేశరుసుము పత్రమునకు నాలుగణాలే యనుకొన్నను, అన్ని విధములను పంపుటకు 256 రూపాయలగును. నాటి గుమాస్తాకు అది ఎన్ని నెలల జీతమో చెప్పనక్కరలేదు. అన్నియు పంపలేక పది పంపుట, అవి తప్పగా వచ్చేవారము ఇరువది పంపుట – ఇదియే జరిగెడిదని మా పెద్దలు చెప్పగా వింటిమి. నిఘంటువు కొన్నందుకు ఎవరిల్లును గుల్ల కాలేదు. పత్రములు కొన్నందుకే అయినది. జీతపు దినమున ఇల్లాలికి అందవలసిన సొమ్ము మనియార్డరు రూపమున వెళ్ళిపోవుచుండగా ‘ఇంగ్లీషు వృద్ధి యగుచున్నది’ అని సమాధానము చెప్పుకొనువారట!

బొంబాయి ప్రభుత్వము 1948లో ఇట్టి పోటీలను అదుపుచేసి పన్ను విధించు శాసనము చేసెను. ఇతర రాష్ట్రములలో అచ్చయి వచ్చు పత్రికల పోటీలకును అది వర్తించునట్లు 1952లో సవరించెను. అప్పుడు బెంగళూరులో ముద్రణమై బొంబాయి రాష్ట్రమున విశేషముగా చెల్లుబడి యగుచుండిన స్పోర్టింగ్ స్టార్ అను వారపత్రికవారు, ఆర్.ఎం.డి.సి. పోటీల నిర్వాహకులు, న్యాయస్థానమునకు పోయిరి. రాష్ట్రముల నడుమ వ్యాపారమునకు రాజ్యాంగమిచ్చిన స్వేచ్ఛ తమకును కలదని వారి వాదము. బొంబాయి హైకోర్టులో వారే గెలిచిరి. కాని 1957 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, ఆ పోటీలు జూదము వంటివే యనియు, జూదము రాజ్యాంగము కాపాడు వ్యాపారము కాదనియు నిర్ణయించెను.

ఈలోగా 1955లో పార్లమెంటు బహుమాన పోటీల చట్టమును చేసెను. దీనిని కోరి తీర్మానించిన రాష్ట్రములలో ఆంధ్ర, హైదరాబాదు, మద్రాసు, ఒరిస్సా, బొంబాయి కలవు. మన పాఠకుల పూర్వులలో పెక్కురు నివసించిన తావులివే యని గమనింపుడు. అక్షరములను, మాటలను, అంకెలను కూర్చుటపై ఆధారపడిన చిక్కుముడి ఏ పేరిట నడచినను ఈ చట్టపు నిర్వచనమున చేరును. నెలకు మొత్తము బహుమానములు వేయి రూపాయలకు మించరాదు. ఒక పోటీకి రెండువేల పత్రములకు మించి పుచ్చుకొనరాదు. అదే 1957లో సుప్రీంకోర్టు మరియొక తీర్పున, ముఖ్యముగా నేర్పుపై ఆధారపడు పోటీలకు ఈ కట్టుబాటు వర్తింపదని వివరించెను. ఇది మాకు మిక్కిలి న్యాయముగా తోచుచున్నది. క్యాటా, ర్యాటా యని బుద్ధితో తేల్చువానికిని, బొమ్మబొరుసు వేయువానికిని భేదము లేకపోలేదు గదా.

నేడు మన యిండ్లలో పిల్లలాడు స్క్రాబులు ఇదే వేటకు మరియొక రూపము. 1930 దశకపు ఆర్థికమాంద్యమున పనిలేకుండిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అను అమెరికా వాస్తుశిల్పి, వార్తాపత్రికలలో ఏ అక్షరము ఎన్నిసార్లు వచ్చునో లెక్కించి దీనిని కల్పించెను. నూరు బిళ్ళలలో ఇ అక్షరమునకు పండ్రెండు, క్యూకును జెడ్‌కును ఒక్కొక్కటి. ఎస్ చేర్చి సులువుగా బహువచనములు చేయకుండ దానికి నాలుగే యుంచెను. లెక్కలు వ్రాసి బ్రదికిన మావంటివారికి ఇట్టి కూడికలపై గౌరవము సహజము. ఇందు మరియొక సౌకర్యము – మాట సరియా కాదా యనుటకు నిఘంటువు బల్లమీదనే యుండును, దాచిన జవాబు లేదు.

ఆ నిఘంటువున మన మాటయు ఒకటి కలదు. మన పందికొక్కే ఇంగ్లీషున బ్యాండికూట్ అయినది. దాని అక్షరములు తొమ్మిది. ఆటగాని చేతిలోని బిళ్ళలు ఏడే. కావున పలకపై కూట్ అను నీటిపక్షి పేరు నాలుగక్షరములతో ముందే పడియున్న తరుణము చూచి, దానికి ముందు బి, ఏ, ఎన్, డి, ఐ అను అయిదింటిని చేర్పవలెను. గడుల హెచ్చింపులు లేకయే పదునాలుగు గుణములు వచ్చును. మన పిల్లలు ప్రయత్నించి చూడవచ్చును.