మా ఊరు ఒల్లనన్న విశ్వవిద్యాలయం

ఎంసెట్ దరఖాస్తు నింపినవారందరికీ అందులోని ‘స్థానిక ప్రాంతం’ అన్న గడి గుర్తుండే ఉంటుంది. మాది కొలిమిగుండ్ల. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లా. కనుక నేను ఆ గడిలో ‘శ్రీ వేంకటేశ్వర’ అని రాసి, దాని గురించి మరి ఆలోచించలేదు. కౌన్సెలింగు దగ్గరపడ్డాక లెక్కలు వేసుకుంటే, అందరికీ తెరచి ఉంచిన పదిహేను శాతం సీట్లలో వాల్తేరు సీటు ఒకటి నాకు అందేటట్టు కనబడింది. సంతోషంగా ఇంట్లో చెప్పాను. నాపరాయి గనుల లెక్కలు రాసుకుంటున్న మా జేజినాయన తల ఎత్తాడు.

"యాడికి? వాల్తేరుకా? అది మన పెద్దోల్లు వద్దనుకున్న కాలేజి రా. సీటు దొరికినా పోగూడదు."

"ఎందుకు వద్దనుకున్నారు జేజినాయనా?"

"అది నాకేం దెలుసు? మా అన్ననడిగినా చెప్పల్యా. వద్దనుకున్నారు, అంతే."

నేను వాల్తేరు పోలేదు. అనంతపురంలో చేరాను. అందుకు చింత లేదు. కానీ ‘వద్దనుకున్నారు, అంతే’ అన్న మాట మాత్రం చెప్పులో రాయిలా చాలా ఏళ్ళు నన్ను వదలలేదు. సాధారణంగా విద్యార్థులు ఒక కళాశాలను వద్దనుకుంటే దానికి కారణాలు అందరికీ తెలిసినవే ఉంటాయి. అధ్యాపకులు ఉండరు, ప్రయోగశాల ఉండదు, చదివాక ఉద్యోగం రాదు. ఏ లోపమూ లేని ఒక విద్యాలయాన్ని ఒక సీమ మొత్తం ఎందుకు ఒల్లనన్నట్టు? తీరిక దొరికినప్పుడల్లా పాత పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్న సంగతులు ఇక్కడ పంచుకుంటున్నాను.

ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1926లో బెజవాడలో మొదలయింది. అప్పటివరకు తెలుగు జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. తెలుగువారికి తమదంటూ ఒక విశ్వవిద్యాలయం రావడం ఆంధ్రోద్యమానికి దక్కిన తొలి పెద్ద ఫలం. తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు జిల్లావాడు, అంటే మనవాడే. కాబట్టి తగవు మనుషుల దగ్గర పుట్టలేదు. చోటు దగ్గర పుట్టింది. విశ్వవిద్యాలయానికి శాశ్వత కేంద్రం ఎక్కడ? బెజవాడ అన్నారు, రాజమండ్రి అన్నారు, వాల్తేరు అన్నారు. అనంతపురం పేరు కూడా గట్టిగానే వినిపించింది. చివరికి 1930లో వాల్తేరు ఖాయమయింది.

ఇప్పుడు ఒకసారి రైలు పటం తీసి చూడండి. మా వైపు వారికి దగ్గరి పెద్ద స్టేషను తాడిపత్రి. మద్రాసు నుండి బొంబాయి వెళ్ళే దారిలో ఉంటుంది. సాయంత్రం ఎడ్లబండి కట్టుకొని తాడిపత్రి చేరి, రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి మద్రాసులో దిగవచ్చు. అదే వాల్తేరుకయితే నంద్యాల పోవాలి, గుంతకల్లు–బెజవాడ మీటరుగేజి బండి ఎక్కి నల్లమల దాటాలి, మార్కాపురం, నరసరావుపేట, గుంటూరు దాటి బెజవాడ చేరాలి, అక్కడ బండి మారి ఇంకా మూడువందల యాభై కిలోమీటర్లు పోవాలి. బాష మనదే, దారి మాత్రం మనది కాదు. మద్రాసులో బాష వేరయినా, కోర్టు పనికో వ్యాపారానికో ఊళ్ళో ఎవరో ఒకరు పోయి వచ్చినవారు ఉండేవారు. బస చేయడానికి ఒక ఇల్లు ఉండేది.

దూరం ఒక్కటే కారణమనుకుంటే అది సగం సత్యమే. 1800లో నిజాము కంపెనీవారికి ధారాదత్తం చేసిన జిల్లాలు మావి. ‘దత్తమండలం’ అన్న పేరులోనే, మమ్మల్ని అడగకుండా ఎవరో ఎవరికో ఇచ్చివేశారన్న చురుకు ఉంది. నీళ్ళూ చదువులూ ముందే అందిన సర్కారు జిల్లాలవారితో ఒకే గొడుగు కింద ఉంటే మన వంతు మనకు దక్కదేమోనన్న భయం పెద్దల్లో అప్పటికే ఉంది. అనంతపురాన్ని కాదని వాల్తేరును ఎంచుకోవడం ఆ భయానికి రుజువుగా తోచింది. దాంతో దత్తమండలాల కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్ళిపోయాయి. 1916లో అనంతపురంలో వెలసిన దత్తమండల కళాశాలలో నీలం సంజీవరెడ్డి చేరిన నాటికి అది మద్రాసుకు అనుబంధంగానే ఉండేది. తెలుగువారి కోసం పుట్టిన విశ్వవిద్యాలయానికి నాలుగు తెలుగు జిల్లాలు ఈ విధంగా దూరమయ్యాయి.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన ఘట్టం నంద్యాలలో జరిగింది. 1928 నవంబరులో అక్కడ ఆంధ్రమహాసభ కూడింది. అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. దానితోపాటే దత్తమండలాల సభ కడప కోటిరెడ్డి అధ్యక్షతన జరిగింది. ‘దత్త’ అన్న ముద్ర మాకు వద్దని, ఈ ప్రాంతాన్ని ఇకపై ‘రాయలసీమ’ అని పిలవాలని ఆ సభలో తీర్మానించారు. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు ఉత్తరాంధ్రలో పుట్టి, అనంతపురం కళాశాలలో తెలుగు చెబుతున్న పండితుడు. (ఆ ఘనతను గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు ఇచ్చేవారూ ఉన్నారు.) అంటే, వాల్తేరు వైపు నుండి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు, వాల్తేరును ఒల్లనన్న సీమకు, దాని ఆత్మగౌరవాన్ని నిలిపే పేరు పెట్టాడు. ఆ మహాసభకు అధ్యక్షత వహించిన రాధాకృష్ణన్ 1931లో వాల్తేరుకు ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ తరువాత 1937లో నారాయణరావుగారి ‘ఆంధ్ర భాషా చరిత్రము’ను ఆంధ్ర విశ్వకళా పరిషత్తే ప్రచురించింది. మనుషులు ఇటూ అటూ రాకపోకలు సాగిస్తూనే ఉన్నారు. గోడ కట్టుకున్నవి సంస్థలు.

మనం వద్దనుకున్న ఆ విద్యాలయం ఎటువంటిది? 1931లో అక్కడ ఆర్ట్స్ కళాశాల, మరుసటి ఏడు సైన్సు, టెక్నాలజీ కళాశాల మొదలయ్యాయి. జయపురం మహారాజు విక్రమదేవవర్మ అండగా నిలిచాడు. రాధాకృష్ణన్ దేశం నలుమూలల నుండి యువకులను వెదికి తెచ్చాడు. హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్, వి.కె.ఆర్.వి. రావు అక్కడ పాఠాలు చెప్పారు. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి ఉండేవారు. బెంగాలు నుండి అధ్యాపకులు సముద్రతీరం వెంట వాల్తేరు చేరుతున్న ఆ రోజుల్లో, కొలిమిగుండ్ల పిల్లవాడికి మాత్రం అది పోగూడని చోటు.

ఆ పిల్లవాడు మా పెద్దజేజినాయన, జేజినాయన చెప్పిన ‘మా అన్న’. అనంతపురంలో ఇంటర్మీడియట్ ముగించి ఊరికి వచ్చాడు. తరువాతి చదువుకు మద్రాసు పంపే స్తోమతు ఇంట్లో లేదు. వాల్తేరు మాట ఎవరూ ఎత్తలేదు. నాపరాయి గనుల్లో లెక్కలు రాస్తూ, సాయంత్రాలు అరుగు మీద పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ వెళ్ళిపోయాడు. ఆ లెక్కల పుస్తకమే తరువాత తమ్ముడి చేతికి వచ్చింది. ఇల్లు మరమ్మతు చేయించినప్పుడు ఆయన రేకుపెట్టె నాకు దొరికింది. అందులో మద్రాసు విశ్వవిద్యాలయం ముద్రతో ఇంటర్మీడియట్ పట్టా ఉంది. దాని కింద ఆంధ్ర విశ్వకళా పరిషత్తు వివరాల పుస్తకం ఒకటి ఉంది. చరిత్ర ఆనర్సు పేజీలో, రుసుము అంకెల కింద పెన్సిలుతో సన్నని గీత. ఇంకేమీ రాసి లేదు. ఎవరి ద్వారా తెప్పించుకున్నాడో, ఎవరికైనా చూపించాడో లేదో చెప్పేవారు ఇప్పుడు ఎవరూ లేరు.

పెద్దలు చేసింది తప్పు అని తేల్చడానికి నేను ఈ గీతను వాడుకోను. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ భవనంలో కుదిరిన ఒడంబడికలో నీళ్ళు, రాజధాని, శాసనసభ స్థానాలతో పాటు, అనంతపురంలో రెండవ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న షరతు కూడా చేరింది. ఒల్లనని భీష్మించుకున్నందువల్లే ఆ మాట కాగితం మీదికి ఎక్కింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. అనంతపురానికి 1968లో స్నాతకోత్తర కేంద్రం, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చాయి. మాట ఇచ్చిన నలభై నాలుగేళ్ళకు! అలిగినవారికి న్యాయం జరిగింది, నిజమే. కానీ అలక సాగినంత కాలం చదువు వయసు ఆగి ఉండదు కదా. సంస్థలు నలభై ఏళ్ళు వేచి ఉండగలవు, పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు రెండేళ్ళు కూడా వేచి ఉండలేడు. పెద్దలు దూరం పెట్టింది ఒక పాలకమండలి నిర్ణయాన్ని. ఇళ్ళకు చేరేసరికి అది ఒక ఊరి మీద, ఒక కళాశాల మీద వైముఖ్యంగా మారింది. కారణం చచ్చిపోయి కట్టుబాటు మిగిలింది.

ఇక మొదట చెప్పిన గడి. ఆరు సూత్రాల పథకం తరువాత 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర అనే మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, ఎనభై అయిదు శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. విశ్వవిద్యాలయాల పరిధులే సరిహద్దులయ్యాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక కూడా ఇటువైపు ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర ప్రాంతాలు నిలిచాయి. 1926 తరువాత సీమ పెద్దలు గీసుకున్న గీత, నా దరఖాస్తులో ఒక గడిగా తేలిందన్నమాట. నేను దాన్ని క్షణంలో నింపి ముందుకు పోయాను. పెద్దజేజినాయన తన గీతను పెన్సిలుతో గీసి, పెట్టెలో దాచి ఊరుకున్నాడు.

కిందటి ఏడు పని మీద విశాఖ వెళ్ళి, ఒక పూట విశ్వవిద్యాలయం ఆవరణలో తిరిగి వచ్చాను. గుట్ట మీది నుండి సముద్రం కనబడుతుంది. పోగూడని చోటులా ఏమీ లేదు.

ఈ సీమలో, నెల్లూరులో, సర్కారు జిల్లాల్లో మీ ఇళ్ళలోనూ ఇటువంటి ‘వద్దనుకున్న కాలేజి’ కథలు ఉండే ఉంటాయి. పెద్దలు ఉండగానే అడిగి రాసిపెట్టండి. నేను అడగడంలో ఆలస్యం చేశాను.