వెండితెరపై భూతావేశము

దయ్యము పట్టుట, వదలించుట అను మాటలు మన సోదరాంధ్రులకు క్రొత్తవి కావు. మన పెద్దలు పూనకమును, దయ్యము పట్టుటను వేఱువేఱుగా నెంచిరి. జాతరలో అమ్మవారు పూనిన స్త్రీకి పసుపునీళ్లు పోసి మ్రొక్కుదురు. దయ్యము పట్టినదనుకొన్న స్త్రీని వేపమండలతో కొట్టుదురు. శరీర మొక్కటే, ఊపు నొక్కటే. లోపలనున్న దెవరను ప్రశ్నకు మతము చెప్పు సమాధానమును బట్టి పూజయో శిక్షయో నిర్ణయమగును. ఈ ప్రశ్నను చలనచిత్రము లెట్లు చేపట్టినవో చూతము. భయపెట్టు బొమ్మలని పెద్దలు వీనిని చూడరు గాని, చూడదగినవియు కొన్ని కలవు.

మొదట చెప్పదగినది 1937లో పోలండులో యిద్దిషు భాషలో వెలువడిన 'డిబ్బుక్'. దీనికి మూలము ఆన్‌స్కీ అను రచయిత నాటకము. ఆయన 1912 మొదలు 1914 వఱకు యూదుల పల్లెలు తిరిగి వారి కథలను, ఆచారములను సేకరించినవాడు. ఇద్దఱు మిత్రులు తమకు పుట్టబోవు బిడ్డలకు పెండ్లి చేయుదుమని మాట యిచ్చుకొందురు. ఒకడు మరణించును. రెండవవాడు ధనాశచే కుమార్తెను వేఱొకరి కిచ్చుటకు నిశ్చయించును. నిరాశచే ప్రాణము విడిచిన ఆ యువకుని ఆత్మ పెండ్లివేళ కన్యను ఆవేశించును. వచ్చినవాడు సైతాను కాదు, అన్యాయమునకు గుఱియైన మానవుడు. కావుననే మతగురువు ధర్మసభ చేర్చి, చనిపోయిన మిత్రునిని సైతము పిలిపించి, వాదము వినును. ఆడి తప్పినవాడు ఆస్తిలో సగము బీదలకు పంచవలెనని తీర్పు వచ్చును. జీవితమంతయు దావా కాగితములు వ్రాసిన మాబోంట్లకు, చచ్చినవానికి సైతము సమను పంపు ఈ పద్ధతి మిక్కిలి నచ్చినది. అయినను దయ్యము వెడలిన పిమ్మట కన్య జీవింపదు. రెండేండ్లకే పోలండు నాజీల వశమయ్యెను. ఆ చిత్రము చూపిన లోకము మిగులలేదు.

1973 డిసెంబరులో అమెరికాలో విడుదలయిన 'ఎక్సార్సిస్ట్' పేరు వినని వారుండరు. విలియం పీటర్ బ్లాటీ 1971లో వ్రాసిన నవలకు విలియం ఫ్రీడ్కిన్ దర్శకత్వము వహించెను. జెసూయిట్ల విశ్వవిద్యాలయమున చదువుచుండగా, 1949లో ఒక మేరీలాండు బాలునికి జరిగిన భూతోచ్చాటన వార్తను బ్లాటీ పత్రికలో చూచెను. కథలో బాలుడు పండ్రెండేండ్ల బాలిక అయ్యెను. తల్లికి దైవభక్తి లేదు; వైద్యులు చేతులెత్తిన పిమ్మటనే చర్చి తలుపు తట్టును. అచట కలిసిన కారస్ అను మతాధికారి మానసిక వైద్యుడు కూడ, విశ్వాసము సడలినవాడు. కథ నిజమునకు ఆయనదే యని మా అభిప్రాయము. భూతము పట్టినదని తేలికగా నమ్మరాదని 1614 నాటి రోము చర్చి విధిగ్రంథము హెచ్చరించి, నేర్వని భాష మాటాడుట, దాగిన సంగతులు చెప్పుట, వయస్సుకు మించిన బలము చూపుట గుర్తులుగా పేర్కొనెను.

చిత్రారంభమున ఇరాకు శిథిలములలో కానవచ్చు విగ్రహము పజూజు అను భూతముది. ప్రాచీన మెసొపొటేమియాలో గర్భిణులు, పసిబిడ్డలను హరించు లమష్టు అను దుష్టశక్తి నుండి రక్షణకై, ఈ పజూజు తలనే తాయెత్తుగా ధరించెడివారు. మన యింటిముందటి దిష్టిబొమ్మ వంటిది. బిడ్డలను కాచిన ముఖమే ఇంచుమించు రెండున్నర వేలయేండ్లకు బిడ్డను పట్టిన భూతమయ్యెను! ఇది సినిమావారు మాత్రమే చేసిన అన్యాయము కాదు; మతములు మాఱినచోట్ల పాత కావలివారి కీ గతి పట్టుట కలదు.

తెర వెలుపల జరిగినదియు చెప్పవలెను. జర్మనీలో అన్నెలీస్ మిఖేల్ అను యువతికి 67 మారులు ఉచ్చాటన జరిపిరి. 1976లో ఆమె ఆహారము లేక కృశించి మరణించెను. 1978లో తల్లిదండ్రులు, ఇద్దఱు మతాధికారులు దోషులని న్యాయస్థానము తేల్చెను.

దక్షిణదేశమున 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రము 'మణిచిత్రత్తాళ్' వైద్యుని, మంత్రవేత్తను ఒకచోట కూర్చుండబెట్టెను. వైద్యుడు దానిని మనోవ్యాధి యనును. అయినను క్రతువు లేక వ్యాధి కుదురదు. పగతీరునట్లు ఆమె కత్తి యెత్తగా, మనుష్యుని స్థానమున బొమ్మ వచ్చునట్లు పీఠము తిరుగును. ఈ కథనే పి. వాసు 2004లో కన్నడమున 'ఆప్తమిత్ర'గాను, 2005లో తమిళమున 'చంద్రముఖి'గాను తీసెను. మలయాళమున ఆవేశించిన నర్తకి తమిళ వనిత. కన్నడ, తమిళములలో తెలుగు వనిత. నేర్వని భాష ఆవేశమునకు గుర్తని రోము గ్రంథ మన్నది గదా. మన పొరుగువారికి ఆ నేర్వని భాష తెలుగయ్యెను! తరతరములుగా వారి నడుమ నివసించు మనకు ఇది నవ్వును తెప్పించును, మనస్సు చివుక్కుమనిపించును. మన బిడ్డలు ఇంట మాటాడు పలుకులు విని ప్రక్కింటి పిల్లలు జడిసికొనరుగదా యని శంకింతుము. అయితే ఆ నర్తకి ప్రియుని కోల్పోయినది, ప్రభువుచే వధింపబడినది. డిబ్బుక్ వలె ఆమెయు ఫిర్యాదియే.

'ఆప్తమిత్ర'లో ఆ పాత్ర ధరించిన సౌందర్య 2004 ఏప్రిల్ 17న బెంగళూరు సమీపమున విమానప్రమాదములో మరణించెను. చిత్రము ఆగస్టులో విడుదలయ్యెను. చనిపోయిన నటి, చనిపోయిన నర్తకియై, తెలుగు పాటకు ఆడుచుండగా కన్నడ ప్రేక్షకులు నెలల తరబడి చూచిరి.