కేస్ షీటు నుండి కంప్యూటర్ తెరకు: నర్సింగ్ విద్యలో రోగి వివరాల నమోదు – చారిత్రక పరిశీలన

రోగి మంచం పక్కన నిలిచి గమనించినదాన్ని కాగితం మీద పెట్టడం నర్సింగ్ విద్యార్థిని నేర్చుకునే తొలి విద్యల్లో ఒకటి. ఆ కాగితం స్థానంలోకి కంప్యూటర్ తెర వచ్చినప్పుడు మారింది రాసే సాధనం మాత్రమేనా, గమనించే పద్ధతి కూడానా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో రోగి పరిశీలనకు ఒక అధ్యాయాన్నే కేటాయించారు. రోగి రాత్రి బాగా నిద్రపోయాడా అని అడిగితే వచ్చే జవాబు నిరుపయోగమనీ, ఎన్ని గంటలు, ఏయే వేళల్లో నిద్రపోయాడో అడగాలనీ అందులో ఆమె అభిప్రాయం. నేటి తెర మీద కనిపించే గడుల వెనుక ఉన్న ఆలోచనకు మూలం ఇటువంటి చోటనే వెతకాలి. గడులను కేవలం యంత్రం తెచ్చిపెట్టిన తంటాగా భావించడం చరిత్రరీత్యా సరికాదు.

1968లో అమెరికన్ వైద్యుడు లారెన్స్ వీడ్ వైద్య నమోదు చికిత్సకు దారి చూపడమే కాక, రాసేవారికి బోధించాలని కూడా ప్రతిపాదించాడు. సమస్యల వారీగా రాసే ఆయన పద్ధతి 1970లలో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్‌కెక్కింది. కాలిఫోర్నియాలోని ఎల్ కమీనో ఆసుపత్రి కూడా ఆ దశాబ్దంలోనే కంప్యూటర్ నమోదుకు మారింది.

నర్సింగ్ విద్యకు సంబంధించినంతవరకు అసలు మలుపు మాత్రం కంప్యూటర్ కాదు. 1983లో మిల్వాకీలోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో, సాధారణ స్థితికి భిన్నంగా ఉన్నదాన్ని మాత్రమే వివరంగా రాసే పద్ధతి రూపొందింది. మిగిలినదానికి ఒక టిక్కు చాలు. పునరుక్తి తగ్గింది, సమయం మిగిలింది. తరువాత ఈ పద్ధతి ఎలక్ట్రానిక్ చార్టుల్లో సులువుగా ఇమిడిపోయింది. అయితే ఏది సాధారణమో ఎరిగినవారి కోసం పుట్టిన పద్ధతి ఇది. ఊపిరితిత్తుల శబ్దాన్ని ఇంకా వినడం నేర్చుకుంటున్న విద్యార్థిని పెట్టే టిక్కుకూ, ఇరవై ఏళ్ల అనుభవం గల నర్సు పెట్టే టిక్కుకూ తెర మీద భేదం కనిపించదు. చేతిరాతలో తడబాటు వాక్యంలోనే బయటపడేది. దిద్దే అధ్యాపకురాలికి అదే ఆధారం.

లాభాన్ని కూడా గుర్తించాలి. 1985లో హ్యారియెట్ వెర్లీ చొరవతో రూపొందిన 16 అంశాల కనీస సమాచార పట్టిక నర్సు చేసిన పనిని లెక్కకు అందే రూపంలోకి తెచ్చింది. వైద్యుని నోట్సు చాటున మరుగున పడిన శ్రమ కనబడాలంటే ఏకరూపత అవసరమని ఆమె వాదన సారాంశం.

భారతదేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 నాటి బి.ఎస్సీ. పాఠ్యప్రణాళికలో నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్‌ను చేర్చింది. తెలుగు నేలపై విద్యార్థినికి మరో మెట్టు అదనం. రోగి పోటు అంటాడు, సలుపు అంటాడు, కాళ్లు పీకుతున్నాయంటాడు, నరం గుంజుతోందంటాడు. ఆంగ్లంలో నడిచే కేస్ షీటులో ఇవన్నీ తరచుగా 'పెయిన్' అయిపోతూనే వచ్చాయి. నొప్పి స్వభావాన్ని అడిగే గడి తెర మీద ఉన్నప్పుడు, సలుపుకు ఏ ఆంగ్లపదాన్ని ఎంచుకోవాలో మంచం పక్కనే ఆమె తేల్చుకోవాలి. ఆ గడి కింద స్వేచ్ఛగా రాసే ఖాళీ ఉంటే రోగి మాటను తెలుగులోనే నమోదు చేయవచ్చునా అన్న ప్రశ్నను బోధనలో లేవనెత్తడం అరుదు.