ఎడమచెయ్యి ఆలస్యంగా వచ్చింది

పాత ఫొటోల్లో పిస్టల్ గురిపెట్టిన సైనికాధికారుల్ని చూస్తే నా కళ్ళు వాళ్ళ ఎడమచేతి మీదికే పోతాయి. అది నడుం మీదో, వీపు వెనకో ఊరికే ఉంటుంది. ఒకప్పుడు దానికి పనుండేది, గుర్రం కళ్ళెం పట్టుకోవడం. గుర్రం దిగాక కూడా ఆ అలవాటు పోలేదు.

పేల్చిన ప్రతిసారీ పిస్టల్ వెనక్కి తన్నుతుంది. గొట్టం మన పిడికిలికి పైన ఉంటుంది కాబట్టి దాని మూతి పైకి లేస్తుంది. ఒక్క గుండుతో పనైపోతే సరే. వెంటవెంటనే కాల్చాలంటే మాత్రం ప్రతిసారీ మళ్ళీ గురి కుదరాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు అంత వ్యవధి ఎక్కడిది?

1950ల్లో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్‌లో జెఫ్ కూపర్ కాల్పుల పోటీలు పెట్టాడు. చాలామంది నడుం దగ్గర్నుంచే ఒంటిచేత్తో కాల్చేవాళ్ళు. జాక్ వీవర్ అనే డిప్యూటీ షెరీఫ్ రెండు చేతులతో పట్టుకుని, కంటి ఎత్తుకి తెచ్చి, గురి చూసి కాల్చాడు. 1959లో గెలిచాడు. కుడిచెయ్యి ముందుకి తోస్తుంది, ఎడమచెయ్యి వెనక్కి లాగుతుంది. ఆ బిగువుకి మూతి ఎక్కువ లేవదు. 1980ల్లో రాబ్ లేథమ్, బ్రయాన్ ఈనోస్ రెండు చేతుల్నీ సమంగా ముందుకి చాచి ఇంకా వేగంగా కాల్చారు.

ఒలింపిక్స్ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీ ఇప్పటికీ ఒంటిచేతి ఆటే. 2012లో మన విజయ్ కుమార్‌కి రజతం వచ్చింది అందులోనే. ఆటకి ఆ నియమం అందం. వీధిలో తుపాకీ తియ్యాల్సిన పోలీసుకి మాత్రం ఆ అందంతో పనిలేదు. అతనికి రెండో చెయ్యి కావాలి. అది మొదట్నుంచీ పక్కనే ఉంది.